మట్టి దారికి మారిన బండి

ఆ వేసవిలో మా భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్నీ జరిగాయి. స్క్రూలు, స్ప్రింగులు, నూనె సీసాలు, పళ్ల చక్రాలు, అరిగిన టూత్‌బ్రష్షులు, వాటన్నిటి మధ్యా చక్రాలు ఊడదీసిన ఒక చిన్న కారు. మేం ముగ్గురం పళ్లేలు ఒళ్లో పెట్టుకుని దాని చుట్టూ కూర్చుని తినేవాళ్లం. జబ్బు మనిషి మంచం చుట్టూ చుట్టాలు చేరినట్టు ఉండేది మా వాలకం. ఇప్పుడు తలుచుకుంటే, మా ఇంటికి ఇల్లనే కళ వచ్చింది అప్పుడేననిపిస్తుంది.

కారు మా అత్తగారిది. రిమోటుతో నడిచేది, మోచేతి నుంచి వేలి కొసదాకా ఉండేంత పొడుగు. ఎవరైనా దాన్ని "బొమ్మ కారు" అన్నారో, ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసే చూపుకి వాళ్ల నోరు దానంతటదే మూతపడేది. ఉద్యోగమంతా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లోనే చేశారు. ఊళ్లో స్టీరింగ్ పట్టుకున్నవాళ్లలో సగం మందికి క్లచ్చు ఎప్పుడు వదలాలో చెప్పింది ఆవిడే. రిటైరయ్యాక పెద్ద కార్లు వదిలేసి ఈ చిన్న కారు పట్టుకున్నారు. ఆదివారాలు స్కేటింగ్ హాల్లో, నున్నటి నేల మీద ఇలాంటి కార్లతో పందేలు వేసుకునే క్లబ్బు ఒకటి ఉండేది. అక్కడ అందరికీ ఆవిడ "టీచరమ్మ".

వేసవి మొదట్లో ఆవిడకి మెట్ల మీద కాలు జారి మడమ దగ్గర ఎముక చిట్లింది. లిఫ్టు లేని ఇంట్లో, పై అంతస్తులో ఒక్కతీ ఎలా ఉంటుందని మా ఆవిడ వెళ్లి తీసుకొచ్చింది.

"కాలు బాగయ్యేదాకానే," అన్నారు అత్తగారు గుమ్మంలో నిలబడి, ఇంకా లోపలికి అడుగు పెట్టకుండానే.

"ఆ, కాలు బాగయ్యేదాకానే," అంది మా ఆవిడ సంచి దించుతూ.

ఒకే మాట ఇద్దరూ అన్నారు గానీ, నా చెవికి అది ఒప్పందంలా కాక ఇరుపక్షాల హెచ్చరికలా వినపడింది.

తల్లీ కూతుళ్లకి ఉప్పూ నిప్పూ. అలాగని ఆస్తి తగాదాలూ అవీ ఏమీ లేవు. "ఊరందరికీ నేర్పింది, నన్ను మాత్రం నడిరోడ్డు మీద దించేసి వెళ్లిపోయింది," అంటుంది మా ఆవిడ. "బ్రేకు తొక్కమంటే యాక్సిలరేటరు తొక్కితే దించక, దండ వేస్తారా?" అంటారు అత్తగారు. ఆ రోజు దిగిన మా ఆవిడ మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. ఇప్పటికీ ఆసుపత్రికి బస్సులోనే వెళ్తుంది. అక్కడ ఆమెది ఫిజియోథెరపీ విభాగం. పడిపోయిన చేతులకీ, కుట్లు పడిన మోకాళ్లకీ మళ్లీ పని నేర్పుతుంది. ఊరివాళ్ల కాళ్లూ చేతులూ పట్టి చూసే మనిషి, కన్నతల్లితో మాత్రం గోడకేసి చూస్తూ మాట్లాడేది.

ఇక నేను. నాది సూట్‌కేసులూ బ్యాగులూ బాగుచేసే దుకాణం. జిప్పులు, పిడులు, ఊడిపోయిన చక్రాలు. మా ఆవిడ డ్యూటీ వారానికోలా మారేది, నా దుకాణం వేళ మారేది కాదు. నేను వచ్చేసరికి ఆమె వెళ్లేది, ఆమె వచ్చేసరికి నేను నిద్రలో ఉండేవాణ్ణి. "పాలు కాచాను", "కరెంటు మనిషి వచ్చి వెళ్లాడు", ఇవే మా కబుర్లు. పోట్లాట అన్నది లేదు. పోట్లాడుకోవడానికైనా ఇద్దరూ ఒక గదిలో ఉండాలి కదా! నేను చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలో పెరిగినవాణ్ణి గనక, ఇల్లంటే ఇంతే కాబోలు అనుకునేవాణ్ణి.

అలాంటి ఇంట్లోకి ఒక బట్టల సంచీ, ఒక ఇనప పనిముట్ల పెట్టే, ఒక కారూ వేసుకుని మా అత్తగారు దిగారు.

* * *

కాలికి కట్టు ఉండగానే ఒక ఆదివారం, "బాబూ, నన్ను హాలుకి తీసుకెళ్తావా?" అని అడిగారు. "ఇవాళ్టితో ఆఖరు. ఆ హాలు ఎవరో గోడౌనుకి తీసుకున్నారట."

తీసుకెళ్లాను. అంతవరకూ నేను ఆ పందేలు చూడలేదు. కార్లు నేలకి బొట్టు పెట్టేంత కిందికి వంగి, కందిరీగల్లా మోత పెడుతూ పరుగెత్తుతున్నాయి. కళ్లు తిప్పేలోపు మలుపు దాటిపోతున్నాయి. అత్తగారు కుర్చీలో కూర్చుని, ఎడం చేత్తో రిమోటు పట్టుకుని, దాని పక్కనున్న చిన్న చక్రం మీద కుడిచెయ్యి వేశారు. 

మొదటి చుట్టు బానే ఉంది. తర్వాత తిన్నటి దారిలో కారు ఉన్నట్టుండి అటూ ఇటూ తల ఊపింది. వద్దు వద్దు అంటున్నట్టు. మలుపు దగ్గర అంచు చెక్కకి గుద్దుకుంది. ఎవరో పరుగెత్తి నిలబెట్టారు. మళ్లీ గుద్దుకుంది. పక్కన నిలబడ్డవాళ్లు మర్యాదకి వేరే వైపు చూశారు. ఆ మర్యాదే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుందనుకుంటాను. పందెం మధ్యలోనే రిమోటు ఆపేసి ఒళ్లో పెట్టుకున్నారు.

క్లబ్బు పెద్ద ఒకాయన ఉన్నాడు. ఆయన కన్నా ముందు ఆయన మీసాలు గదిలోకి వస్తాయి గనక అందరూ మీసాలాయన అంటారు. ఆయన దగ్గరికొచ్చి, "నేల పాడైపోయింది టీచరమ్మా, అందరి బండ్లూ జారుతున్నాయి," అన్నాడు.

"నేలకేం, నిక్షేపంలా ఉంది. నన్ను ఓదార్చడానికి నేలని ఆడిపోసుకోకు," అన్నారు అత్తగారు.

ఆయన నవ్వేసి, హాలు పోయినా క్లబ్బు పోదనీ, ఊరవతల పాత ఇటుక బట్టీ స్థలంలో మట్టి దారి వేస్తున్నామనీ, ఇక మీదట ర్యాలీ పందేలేననీ చెప్పాడు. గుంటలు, రాళ్లు, దిగుళ్లు, మిట్టలు. ఒక్కొక్క బండీ విడిగా బయల్దేరుతుంది. నడిపేవాళ్లు దాని వెనకే నడవాలి. పక్కన ఒక తోడు ఉండొచ్చు, ముందున్న దారి చెప్పడానికీ, బండి బోర్లా పడితే నిలబెట్టడానికీ. 

"కానీ మీది నున్నటి నేల బండి కదా టీచరమ్మా. మట్టిలో గజం కూడా పోదు. కొత్తది తీసుకోవాలి."

అత్తగారు తన కారు తెమ్మని నాకు సైగ చేశారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, కుడిచెయ్యి నా ముందుకి చాపారు. గాలికి ఆకు కదిలినట్టు సన్నగా వణుకుతోంది.

"కాలు జారింది కూడా దీనివల్లే. మెట్ల పిట్టగోడ పట్టుకోబోతే పట్టు చిక్కలేదు," అన్నారు. "అమ్మాయికి చెప్పకు."

"తను చూసేది ఇలాంటివే కదా అత్తయ్యా. చెప్తే..."

"అందుకే వద్దంటున్నా. చెప్పిన మర్నాటి నుంచీ నేను దాని తల్లిని కాను, పేషెంటుని. పొద్దున్నే లేపి వేళ్లు ముడుచు, వేళ్లు చాపు అంటుంది. ఇప్పటికే మా ఇద్దరికీ మాటలు తక్కువ, ఉన్న నాలుగూ వ్యాయామాలైపోతాయి." 

ఆటో కదిలింది. తనలో తను అనుకున్నట్టు అన్నారు. "నున్నటి నేల మీద చెయ్యి వణికితే కారు వణుకుతుంది. ఊరంతా చూస్తుంది. అదే మట్టి మీదైతే? అందరి బండీ వణుకుతుంది. ఎవరికి తెలుస్తుంది?" 

అని నావైపు తిరిగారు. "బాబూ, నీ చేతులు మంచివి. ఈ కారుని మారుద్దాం."

నా చేతులు మంచివని అంతకుముందు ఎవరూ అనలేదు. జిప్పు బాగా కుట్టావంటారు, చక్రం గట్టిగా వేశావంటారు. చేతుల సంగతి ఎవరికీ పట్టలేదు.

* * *

అలా మా భోజనాల బల్ల షెడ్డు అయింది.

దుకాణం కట్టేసి నేను వచ్చేసరికి ఆవిడ కళ్లజోడు తుడుచుకుని సిద్ధంగా కూర్చునేవారు. చెప్పడం ఆవిడ వంతు, చెయ్యడం నా వంతు. డ్రైవింగ్ నేర్పినట్టే నేర్పారు నాకు. "చూపు ముందుకి. చెయ్యి తొందరపడకూడదు. ఆ స్క్రూ నీకేం శత్రువు కాదు, అంత కసిగా తిప్పకు." తప్పు చేస్తే కేకలేసేవారు, సరిగ్గా చేస్తే ఏమీ అనేవారు కాదు. కొన్నాళ్లకి ఆ ఏమీ అనకపోవడం కోసమే పని చేసేవాణ్ణి.

ముందు కారుని నేల మీంచి లేపాలి. కుదుపులు మింగే పొట్టి షాకులు తీసేసి పొడుగువి వేశాం, గట్టి స్ప్రింగుల బదులు మెత్తనివి. నున్నటి టైర్లు పోయి గుబ్బల టైర్లు వచ్చాయి. మోటారుకున్న పళ్ల చక్రం మార్చి చిన్నది పెట్టాం. "వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. పెళ్లయిన మగాడిలా," అని ఆవిడ వివరించారు. రాళ్లు తగిలి అడుగు చిట్లకుండా, దుకాణంలో పడున్న ఒక పాత సూట్‌కేసు డిప్ప కోసి కింద పలకలా బిగించాను. దుమ్ము మోటారులోకి పోకుండా మా ఆవిడ పాత మేజోడు ఒకటి తొడిగాం. చక్రాల వెనక బురద రేకులు బ్యాగు రబ్బరుతో చేశాను. రిమోటు మాట వినే చిన్న పెట్టె తడవకుండా, దాన్ని ఒక బెలూన్లో దూర్చి మూతి కట్టెయ్యమన్నారు.

"బెలూన్లోనా అత్తయ్యా?"

"మరి రెయిన్‌కోటు కుట్టిస్తావా?"

ఎర్ర బెలూను తప్ప కొట్లో ఇంకో రంగు దొరకలేదు. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, కారు కడుపులో గుండెకాయలా ఉన్న ఆ బెలూన్ని చూసి చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత తన మేజోడు గుర్తుపట్టింది.

"ఇది నాది."

"చిరిగిందే తీశాం," అన్నాను.

"చిరగనిది తీసుంటే మీ ఇద్దర్నీ కారు బదులు విప్పేసేదాన్ని," అంది. అని, లోపలికి వెళ్లిపోకుండా అక్కడే కుర్చీ లాక్కుంది. నేను పళ్లెం అందిస్తే ఒళ్లో పెట్టుకుని తినడం మొదలుపెట్టింది.

బయటివాళ్లకి ఇది చెప్పుకునేంత విషయం కాదు. మా ఇంట్లో మాత్రం అది విశేషమే.

* * *

బండి పూర్తయిన సాయంత్రం, ఇంటి వెనక ఖాళీ స్థలంలో దాన్ని దింపాం. అత్తగారి కట్టు విప్పేశారు, చేతికర్రతో నడుస్తున్నారు. రిమోటు తీసుకుని మెల్లగా పోనిచ్చారు. కారు కొత్తగా నడక నేర్చిన దూడలా గెంతుకుంటూ వెళ్లింది. ఆవిడ ముఖం చూశాను. ఏళ్లు రాలిపోయాయి.

చిన్న మిట్ట ఎక్కి గాల్లోకి లేచి, కింద పడగానే ఆగిపోయింది. మోటారు గింగురుమంటోంది, చక్రం తిరగడం లేదు. వెళ్లి చూస్తే, మోటారు నుంచి చక్రానికి శక్తి అందించే సన్నటి ఇనప పుల్ల, షాఫ్టు, గూట్లోంచి ఊడి వేలాడుతోంది.

"ఇటివ్వు," అని ఆవిడే తీసుకుని రాయి మీద కూర్చున్నారు. పుల్లని గూట్లో పెట్టబోయారు. చెయ్యి వణికింది. మళ్లీ పెట్టబోయారు. దాన్ని పట్టి ఉంచే చిన్న సీల జారి మట్టిలో పడింది. వెతికి ఇచ్చాను. మళ్లీ పడింది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. ఆఖరికి కారుని ఒళ్లోంచి తీసి నా చేతిలో పెట్టి, "పెట్టెలో సర్దెయ్యి బాబూ. సరదా తీరింది," అని లోపలికి వెళ్లి గది తలుపు వేసుకున్నారు.

సర్దెయ్యడానికి నాకు మనసొప్పలేదు. కారుని అలాగే బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఇంతలో మా ఆవిడ వచ్చింది. మూసిన తలుపు చూసింది, నన్ను చూసింది, కారుని చూసింది. బ్యాగు భుజాన ఉండగానే కారుని ఎత్తి, షాఫ్టు ఊడిన చక్రాన్ని పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఆడించింది. రోగి మోకాలు పట్టుకుని ఆడించినట్టే.

"దీని కాలు మరీ ఎక్కువ సాగుతోంది," అంది, మూసిన తలుపుకి వినపడేలా. "పైకి ముడుచుకున్నప్పుడు బానే ఉంది. కిందికి చాపినప్పుడు కీలు హద్దు దాటి గూట్లోంచి జారుతోంది. ఇలాంటి మోకాళ్లు రోజూ చూస్తాను. బలం చాలకపోవడం కాదు, ఆపు లేకపోవడం."

లోపల అలికిడి లేదు.

"కాలికి ఆపు పెడితే సరిపోతుంది. అంతే," అంది మళ్లీ.

తలుపు తెరుచుకుంది. "అది కాలు కాదు, సస్పెన్షన్," అన్నారు అత్తగారు గడపలో నిలబడి.

"పేరేదైనా జబ్బు అదే."

"ఆపు బయట పెడితే రాళ్లకి తగులుతుంది."

"అయితే లోపల పెట్టు."

అత్తగారు కర్ర గోడకి ఆనించి బల్ల దగ్గరికి వచ్చారు. "షాకు లోపల... పిస్టను కింద చిన్న రబ్బరు వేస్తే..." 

"అంతకన్నా కిందికి సాగదు," అంది మా ఆవిడ.

"సాగదు," అన్నారు అత్తగారు.

నేను పాత సూట్‌కేసు రబ్బరు గొట్టం తెచ్చి చిన్న చిన్న ముక్కలు కోశాను. ఎంత మందం ఉండాలన్న దాని మీద వాళ్లిద్దరూ హోరాహోరీగా వాదించుకున్నారు. అరిచారు కూడా. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ తల్లీ కూతుళ్లు అంతసేపు మాట్లాడుకోవడం నేనప్పుడే విన్నాను. ఎవరూ అడగకుండానే టీ పెట్టాను. టీ చల్లారిపోయింది, వాదన చల్లారలేదు.

మర్నాడు మా ఆవిడ ఒక స్టీలు పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. అడుగున అయస్కాంతం అతికించి ఉంది. "స్క్రూలు దొర్లిపోకుండా," అంది ఎటో చూస్తూ. ఇంకో రోజు చూస్తే స్క్రూడ్రైవర్ల పిడులన్నిటికీ మందపాటి స్పాంజి చుట్టి ఉంది. నా చేతుల మీద జాలిపడి చుట్టిందనుకున్నాను. అత్తగారు ఆ స్పాంజి పిడి పట్టుకుని ఒక స్క్రూ స్వయంగా బిగించారు. బిగించి, పళ్లెంకేసి ఒకసారి, వంటింట్లో ఉన్న కూతురికేసి ఒకసారి చూశారు. 

* * *

పందెం రోజు తోడుగా నేను నడవాలన్నది ఏర్పాటు. అత్తగారు కర్ర వదిలేశారు గానీ, ఎగుడు దిగుడులో ఒకరి ఆసరా కావాలి. ఉదయం మేం బయల్దేరుతుంటే మా ఆవిడ చెప్పులు వేసుకుంటూ కనిపించింది.

"డ్యూటీ లేదా?" అన్నాను.

"సెలవు పెట్టాను."

ఇటుక బట్టీ స్థలం ఎర్రటి దుమ్ముతో నిండి ఉంది. దుమ్ము అణగడానికి నీళ్ల లారీ తెప్పించి చల్లిస్తే సగం దారి బురదైంది. తాళ్లు కట్టి దారి గీశారు. రకరకాల బండ్లు, అన్నీ మట్టి కోసమే పుట్టినవి, బలిసిన టైర్లతో కొమ్ములు విసిరే ఎద్దుల్లా ఉన్నాయి. మా కారు వాటి మధ్య, ఊరి పెళ్లికి బూట్లు అరువు తెచ్చుకుని వచ్చిన గుమాస్తాలా ఉంది. పక్కనే ఒక పళ్ల డాక్టరు తన కొత్త బండి తుడుచుకుంటూ, మాదాన్ని వంగి చూసి, "అది బెలూనా?" అన్నాడు.

"పుట్టినరోజు," అన్నారు అత్తగారు.

మా వంతు దగ్గరపడింది. అత్తగారు రిమోటు తీసుకోబోతుంటే మా ఆవిడ, "ఆగు," అని తన బ్యాగులోంచి ఒక గుడ్డ పట్టీ తీసింది. మణికట్టుకి చుట్టేది. లోపల ఇసక నింపి, గళ్లు గళ్లుగా కుట్టి ఉంది. ఆ కుట్టు చూడగానే గుర్తుపట్టాను. నా దుకాణంలో వాడే మైనపు దారం. ఎప్పుడు తీసుకెళ్లిందో, ఎక్కడ కూర్చుని కుట్టిందో.

"కుడిచెయ్యి ఇవ్వు. కాస్త బరువుంటే వణుకు తగ్గుతుంది," అంది.

అత్తగారు నావైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. నేను చెప్పలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నారు మెల్లగా.

"వచ్చిన రోజే. టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నావు. నువ్వెప్పుడూ అలా పట్టుకోవు."

"మరి అడగలేదేం?"

మా ఆవిడ పట్టీ చుట్టడం ఆపలేదు. "అడిగితే మర్నాడే వెళ్లిపోయేదానివి," అంది. ముడి బిగించి, వేలు దూర్చి బిగువు చూసింది. "నొక్కుతోందా?"

"లేదు."

"సరే పద. మనల్ని పిలుస్తున్నారు."

అంతే. నేను నా చొక్కాకి గుచ్చి ఉన్న తోడు చీటీ తీసి మా ఆవిడ చొక్కాకి గుచ్చి, తాడు ఇవతలికి వచ్చేశాను.

మీసాలాయన జెండా ఊపాడు. కారు బురద చిమ్ముకుంటూ దూకింది. వెనకాల ఆ ఇద్దరు, తల్లి చెయ్యి కూతురి మోచేతి మీంచి తప్పుకోకుండా, వేగంగా, కాస్త వంకరగా నడుస్తున్నారు. నేను తాడు పక్కనే పరుగులాంటి నడకతో వెంట వెళ్లాను.

"ఎడం పక్క గుంట. కుడికి రా. ఇంకా. ఇంకా. చాలు."

"చాలంటే ఎంత చాలు? సరిగ్గా చెప్పు."

"నీ చెప్పంత!"

"ముందే అలా ఏడవచ్చుగా!"

కారు గుంట అంచు రాసుకుంటూ దాటింది. తర్వాత వచ్చిన మిట్ట ఎక్కి గాల్లోకి లేచింది. నాలుగు కాళ్ల మీద దిగి, ఒకసారి ముడుచుకుని లేచి పరుగెత్తింది. ఏ షాఫ్టూ ఊడలేదు. మలుపు దగ్గర మాత్రం ఒక రాయి తగిలి బోర్లా పడింది. మా ఆవిడ తల్లి చేతిని ఒక కట్టుకొయ్య మీద పెట్టి, "ఇది పట్టుకో, కదలకు," అని బురదలోకి ఉరికింది. ఆసుపత్రిలో నీటుగా ఉండే మనిషి, మోకాళ్లదాకా బురద. బండిని నిలబెట్టి అరిచింది. "దెబ్బలేం లేవు! పోనియ్!"

బండి నిజంగానే వణుకుతూ పోయింది. అందరి బండ్లూ వణికినంతే.

చివర్లో ఏటవాలు దిగుడు. కింద నీళ్ల మడుగు, వెంటనే మెలిక. చాలామంది అక్కడే బోల్తాపడ్డారు. దిగుడు అంచున అత్తగారి వేలు తటపటాయించడం నేను చూశాను. ఆవిడ దారి మీంచి చూపు తిప్పకుండా అన్నారు, గొంతు తగ్గించి, తను ఎప్పుడూ ఎవరినీ అడగని మాట.

"బ్రేకు ఎక్కడ వెయ్యమంటావే?"

మా ఆవిడ వేలు చాపి చూపించింది. "ఆ తెల్ల రాయి దాటాక. ఇప్పుడు కాదు... ఇప్పుడు కాదు... ఇప్పుడు!"

కారు మడుగులో మునిగి, నీళ్లు రెండు పక్కలా రెక్కల్లా లేపి, అవతల తేలింది. మెలిక తిరిగి గీత దాటింది.

అత్తగారు టైము ఎంతని అడగలేదు. మోచేతి మీద చెయ్యి అలాగే ఉంచి, ఊపిరి సర్దుకుని, "బాగా చెప్పావు," అన్నారు.

"ఏంటీ? వినపడలేదు. మళ్లీ చెప్పు," అంది మా ఆవిడ.

"ఒక్కసారే చెప్తాను. మళ్లీ మళ్లీ చెప్పే ఉద్యోగంలో రిటైరయ్యాను."

మా ఆవిడ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ముఖం అటు తిప్పేసుకుంది. నేను బండి తుడిచే వంకతో కింద కూర్చున్నాను.

ఫలితాల పలక మీద మమ్మల్ని కిందినుంచి వెతికాను. పైనుంచి వెతికితే త్వరగా దొరికేవాళ్లం. గెలవలేదు గానీ, మట్టి కోసం పుట్టిన బండ్లు చాలానే మా వెనకున్నాయి. పళ్ల డాక్టరు గారి బండిలోకి నీళ్లు పోయి సగంలో ఆగిపోయింది. ఆయన మళ్లీ మా దగ్గరికొచ్చి, ఈసారి చాలా గౌరవంగా, "ఆ బెలూను ఏ సైజు టీచరమ్మా?" అని అడిగాడు.

* * *

ఆ వారమే తల్లీ కూతుళ్లు కలిసి నరాల డాక్టరు దగ్గరికి వెళ్లారు. నేను దుకాణంలో ఒక బ్యాగుకి జిప్పు తలకిందులుగా కుట్టి, విప్పి, మళ్లీ తలకిందులుగానే కుట్టాను. వాళ్లు నేరుగా దుకాణానికే వచ్చి చెప్పారు. భయపడాల్సిన రకం కాదట, మందుతో అదుపులో ఉంటుందట, పూర్తిగా పోదు గానీ మనిషిని పడెయ్యదట. ఎదురుగా ఉన్న బ్యాగులో ముఖం పెట్టి నేను ఎవరికో ఒక దండం పెట్టుకున్నాను.

పొద్దున్నే వేళ్లు ముడవడం, చాపడం మొదలయ్యాయి. అత్తగారు భయపడ్డట్టే అయింది. కాకపోతే ఆ వ్యాయామాల మధ్య కబుర్లు దొర్లేవి, తిట్లు దొర్లేవి, అప్పుడప్పుడూ పాత సంగతులు కూడా. నేను పళ్లు తోముకుంటూ వినేవాణ్ణి. మా ఆవిడ డ్యూటీలు సర్దించుకుంది. నేను ఆదివారాలు దుకాణం తెరవడం మానేశాను. వానలు దిగి ఇటుక బట్టీ చెరువయ్యేదాకా ప్రతి ఆదివారమూ మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. ఓసారి గెలిచినంత పని చేశాం. ఓసారి చక్రం ఊడి మాకన్నా ముందు గీత దాటింది. 

ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ ఉన్నట్టుండి, "మనం ఇంతకుముందు రాత్రుళ్లు ఏం మాట్లాడుకునేవాళ్లం?" అని నన్నడిగింది. గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నించాను. ఇద్దరికీ ఏమీ గుర్తు రాలేదు. దానికి నవ్వుకున్నాం గానీ, నవ్వాక తను నా భుజం మీద తల ఆన్చి కాసేపు అలాగే ఉండిపోయింది.

కాలు ఎప్పుడో బాగయిపోయింది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ముగ్గురిలో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. వర్షాలు ఊపందుకున్నాక ఒక మధ్యాహ్నం ఇంటి ముందు వ్యాను ఆగింది. అత్తగారు ముందు సీట్లోంచి దిగారు. వెనక ఆవిడ బీరువా, మంచం, కుట్టుమిషను, రెండు ట్రంకు పెట్టెలు.

"ఆ మెట్లు ఎక్కలేను బాబూ," అన్నారు నా ముఖం చూడకుండా. "ఇల్లు ఖాళీ చేసేశాను. అమ్మాయి ఒప్పుకుంది. నీకేమైనా ఇబ్బందా?"

నాకు చెప్పాల్సింది చాలా ఉంది. మీరు రాకముందు ఇది ఇల్లు కాదత్తయ్యా అని చెప్పాలనుంది. నా చేతుల గురించి మీరన్న మాట దాచుకున్నానని చెప్పాలనుంది. ఏ ఇంట్లోనూ పెరగనివాడికి ఒక ఇల్లు కట్టిచ్చారని చెప్పాలనుంది. "అత్తయ్యా, మీరు..." అని ఆగిపోయాను.

"తర్వాత చెబుదువుగానిలే, వాన వచ్చేలా ఉంది," అన్నారు ఆవిడ. బీరువా అప్పటికే గుమ్మంలో ఇరుక్కుంది. ఒక పక్క వ్యాను డ్రైవరు, ఇంకో పక్క మా ఆవిడ. అత్తగారు రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ఎత్తారు. "వెనక్కి రండి... కొంచెం ఎడమకి... ఇంకా... ఆ, ఆపండి! బాబూ, చూస్తూ నిలబడ్డావేం? ఆ మూల పట్టుకుని పైకెత్తు."

వెళ్లి ఎత్తాను.